గేటు మూసిన యాజమాన్యములకు బహిరంగ లేఖ

నెల్లూరు తీరమున మఠకన్యల పేరిట నడుచుచున్న బాలికా పాఠశాలల యాజమాన్యములకును, పాలక సంఘములకును, వారి నిర్ణయములకు తల యూపుచున్న పోషకుల కమిటీలకును —

మాన్యులారా,

గత వేసవి సెలవులలో మీలో ఒక యాజమాన్యమువారు సమావేశమై, మఠకన్యలు గాని తక్కిన ఉపాధ్యాయినులు గాని ఇకమీదట బాలికలను కాలినడకన ప్రహరీ దాటింపరాదనియు, సముద్రపుటొడ్డునకును కొండలకును ఏటేట సాగుచుండిన నడకలు రద్దయినవనియు, వానికి బదులుగా సంవత్సరమున కొకమారు ఏసీ బస్సులో మద్రాసు దాపున నున్న వినోదోద్యానమునకు విహారయాత్ర యుండుననియు తీర్మానించిరి. ఆ కాగితము మీది సిరా ఆరకముందే తీరము పొడవునా మరికొన్ని బడులవారు ఆ పద్ధతి తమకును బాగున్నదనిరి. మొదట గేటు మూసిన బడి ఏదో చెప్పను. చెప్పినచో తప్పంతయు ఆ ఒక్కరి నెత్తిన పడి, తక్కినవారు హాయిగా ఊపిరి పీల్చుకొందురు. ఈ లేఖ మీ అందరికిని.

ఆ నడకలను నడిపించిన సిస్టరుగారిని మీరు తరగతి గది నుండి తీసి, ఫీజు రసీదుల గదిలో కూర్చుండబెట్టినారు. ఆమె ఎదురు చెప్పలేదు. విధేయతావ్రతము స్వీకరించిన మనిషి ఎట్లు చెప్పును? ఆమె చెప్పరాని మాట చెప్పుటకు వ్రతములేవియు లేని నాబోటి ముసలివాడు ముందుకు రావలసి వచ్చినది. మా మనుమరాలు ఆమె యొద్ద సాంఘికశాస్త్రము చదివినది. పిల్లల వెంట పెద్దలు కొందరు ఉండవలెనని ఆమెయే నియమము పెట్టుకొన్నందున నేనును వెంట నడిచినాను. కనుక విన్నమాట కాక చూచినమాట వ్రాయుచున్నాను.

మైపాడు ఒడ్డున బస్సు దిగి, బజ్జీల బండ్లును గుర్రపు సవారీలును ఉన్న వైపు విడిచి, ఉత్తరముగా పెన్న సముద్రమున కలియు దిక్కునకు మేము నడిచితిమి. సిస్టరుగారి భుజమున ఒక గుడ్డసంచి. అందులో ఈల, దూది, కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లములు, మడిచి మడిచి చినిగిన పటము ఒకటి. తెల్లని అంగీ అంచు తడియకుండ కొంచెము పైకి దోపి, కాన్వాసు బూట్లతో ఆమె ముందు నడుచుచుండగా, ఇద్దరిద్దరు చొప్పున పిల్లలు వెనుక. ఇసుకదిబ్బల కడ ఆమె ఆగినది. అచ్చట ముళ్ళబంతుల వలె గాలికి దొరలు రావణాసురుని మీసములును, దిబ్బ నంటుకొని పాకిన బాలబంద తీగయు ఉన్నవి. “ఈ దిబ్బను ఎవరు కట్టినారు?” అని ఆమె అడిగినది. “గాలి, సిస్టర్” అని ఒక పిల్ల. “గాలి తెచ్చిన ఇసుకను గాలియే మరల తీసికొనిపోకుండ పట్టియుంచినదెవరు?” ఎవరును పలుకలేదు. కొంతసేపటికి మా మనుమరాలు వంగి, తీగ నొకదానిని లాగి చూచినది, అది రాలేదు. ఆనాటి పాఠమంతయు అదియే.

అటుపిమ్మట ఒక పట్టపుపాలెము. వల బాగుచేయుచున్న ముసలామె ఒకతె తలయెత్తి, “ఏం సిస్టరమ్మా, ఈ పిలకాయల్ని ఎండలో యాడికి తీసకపోతుండావు?” అని కసరినది. “నీ దగ్గరికే పెద్దమ్మా; సునామీ నాడు మీరు ఏ మెరక ఎక్కినారో వీళ్ళకు చూపిస్తావని వచ్చినాము” అని సిస్టరుగారు. ఆ వృద్ధురాలు వల ప్రక్కన బెట్టి లేచి, సరుగుడు తోట వెనుకనున్న మెరకను చేయెత్తి చూపి, ఎవరెవరు ఎటు పరుగెత్తినదియు, ఎవరి ఇంటిలో నీరు ఎంతవరకు లేచినదియు, తన నడుము పైన చేయి పెట్టి కొలిచి మరీ చెప్పినది. పిల్లలు నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. ఇట్టి పాఠము మీ డిజిటల్ బోర్డుపై ఏ బటను నొక్కిన వచ్చునో సెలవిత్తురా?

ఇది విలాసము కాదని మీకు తెలియనిదా? 1984 నవంబరులో శ్రీహరికోట కడ తుపాను తీరము దాటినది. 1989 నవంబరులో కావలి కడ మరియొకటి దాటినది. 2004 డిసెంబరు 26న సముద్రము ఏ హెచ్చరికయు లేక పాలెములపై పడినది. ఇట్టి తీరమున బ్రతుకవలసిన బాలికకు తన ఊరిలో మెరక ఏదో పల్లమేదో, బకింగుహాము కాలువ ఎచ్చట నిండునో, తుపాను షెల్టరునకు దగ్గరి దారి ఏదో పాదములకు తెలిసియుండుట ప్రాణాధారమైన విద్య. అది పటములో దొరకదు, బస్సు కిటికీలో కనబడదు. మీ బడులలో చదువువారిలో ఈ పాలెముల పిల్లలును, రొయ్యల గుంటల కడ కూలిచేయువారి పిల్లలును ఉన్నారు. పట్టణపు పిల్లలు పాలెము నెరుగరు. పాలెపు పిల్లలు తమ ఊరు పాఠమునకు తగినదని ఎరుగరు. ఆ రెంటిని కలిపినది ఆ నడక. దానిని తుడిచివేయుటకు మీకెవరు అధికార మిచ్చిరి? బడి మీ పేర రిజిస్టరై యుండవచ్చును. ఈ తీరపు బాల్యము మీ పేర రిజిస్టరు కాలేదే!

“పిల్లలకేమైన జరిగినచో మాపై వచ్చును” అని మీ మొదటి సమాధానము. భయము నేను కాదనను. మైపాడు సముద్రమున స్నానమునకు దిగి మునిగినవారి వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము. కాని ఆ సిస్టరుగారు ఒక్క బాలికను గూడ మోకాలి లోతు దాటనిచ్చినది లేదు. ఎండ ముదరకముందే నీడ చేర్చెడిది. పెంచలకోన వైపు వెలిగొండల అడవిలో అడుగుపెట్టుటకు ముందు అటవీశాఖవారి అనుమతి తీసికొనెడిది, ఏలయన ఆ అడవి అభయారణ్యము. జాగ్రత్త తెలిసిన మనిషిని తొలగించి, జాగ్రత్త కొరకే తొలగించితిమనుట ఏమి తర్కము? నియమములు చేయుడు, వైద్యుని వెంట పంపుడు, పెద్దల సంఖ్య పెంచుడు, తల్లిదండ్రుల సంతకములు తీసికొనుడు, ఎవరు కాదనిరి? నిషేధము మాత్రము నియమము కాదు. నియమములు చేయు శ్రమ నుండి తప్పించుకొనుట. ఆ సమావేశమున మీ సభ్యులొకరు “అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల” అని సామెత చెప్పిరట. నెల్లూరివారు చెప్పదగిన సామెతయేనా అది? తరతరములుగా అడుసు త్రొక్కినవారి పుణ్యమున గదా మొలగొలుకుల అన్నము తినుచు ఈ సీమ పేరు దేశమంతట చెప్పుకొనుచున్నాము!

మీ రెండవ సమాధానము, బిగ్గరగా అనక గుసగుసలాడినది, నన్ను ఎక్కువ నొప్పించినది. సన్న్యాసినియైన స్త్రీకి కొండలెక్కుట ఏమిటి, బూట్లు తొడిగి ఊళ్ళు తిరుగుట ఏమిటి, మఠమున కది గౌరవమా అని. ఈ మాట అన్నవారు తమ మతచరిత్రను తామే మరచినవారు. మరచినదానిని జ్ఞాపకము చేయుటకు మన్నింపుడు.

ఇంగ్లాండున యార్కుషైరులో 1585లో పుట్టిన మేరీ వార్డు అను ఆమె, ఆ దేశమున కథోలికులకు చదువే నేరమైన దినములలో సముద్రము దాటిపోయి, సాంతొమేరు పట్టణమున 1609లో కొందరు సఖులతో కలసి బాలికలకు బడి పెట్టినది. మఠపు గోడల వెనుక కూర్చుండక, లోకమున తిరుగుచు బోధించు మఠకన్యల సభ యొకటి కావలెనని ఆమె కోరిక. అందుకు అనుమతి వేడుటకై 1621 అక్టోబరులో లియేజి నగరము నుండి రోమునకు బయలుదేరి, చలికాలమున ఆల్ప్సు పర్వతములు దాటి, ఎక్కువ దూరము కాలినడకనే సాగి, రెండు నెలలకు క్రిస్మసు ముందునాడు రోము చేరినది. ఆ మంచుదారిలో నడచినది పర్వతారోహకుల క్లబ్బు కాదు, బడిపంతులమ్మలు. రోము ఏమి చేసినది? “తిరుగుబోతు స్త్రీలు” అన్న ధోరణిలో వారిని వెక్కిరించినవారి మాటయే చెల్లి, 1631లో ఆమె సభ రద్దయినది. ఆమెను మ్యూనికులో ఒక మఠపు గదిలో బంధించిరి. ఆమెయే తమ సంస్థాపకురాలని చెప్పుకొనుటకు ఆమె వారసులకు అనుమతి దొరకునప్పటికి 1909వ సంవత్సరము వచ్చినది. మదర్ తెరెసా తొలుత చేరిన లొరెటో సభకు మూలము ఆ నడచిన స్త్రీయే. మ్యూనికు గదికిని మీ ఫీజు రసీదుల గదికిని మధ్య దాదాపు నాలుగు వందల ఏండ్లు గడచినవి. గదులు మారినవి గాని పద్ధతి మారినదా?

ఐరోపా సంగతి మనకేల యందురా? మన పునీత అన్నమ్మ మఠకన్యల మూలమును చూడుడు. ఫిరంగిపురమున 1822లో పుట్టిన తాటిపర్తి జ్ఞానమ్మ, మద్రాసు ప్రాంతమున మెట్టినింటి తెలుగువారున్న కీలచ్చేరిలో, భర్త గతించిన పిదప 1863లో ఆడపిల్లలకు బడి తెరచినది. ఆ కాలమున విధవరాలు గడప దాటుటయే అప్రతిష్ఠ. ఆడపిల్లకు అక్షరము నేర్పుట అంతకంటె అప్రతిష్ఠ. ఆమె రెండును చేసినది. ఆమె పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ నున్నది మన నెల్లూరు సీమయే. మన మీదుగా మద్రాసు–బెజవాడ రైలుదారి పూర్తియగుట 1899లో, అనగా 1874లో ఆమె కన్నుమూసిన పావు శతాబ్దమునకు. ఆ రైలుదారి లేని కాలపు మనిషి ఆమె. ఆమె బడి నుండి పుట్టిన సభలు నేడు తెలుగునాట ఎన్ని బడులు నడుపుచున్నవో మీరే ఎరుగుదురు. “నలుగురేమనుకొందురు” అని జ్ఞానమ్మ కూర్చుండి యుండినచో మీకు యాజమాన్యము చేయుటకు బడులెక్కడివి?

గుంటూరున డాక్టరు మేరీ గ్లోరీ కథయు మీ కెరుకయే. మెల్బోర్నులో వైద్యము చదివిన ఆ ఆస్ట్రేలియా స్త్రీ 1920లో గుంటూరు వచ్చి, జెఎంజె మఠకన్యల సభలో చేరినది. మఠకన్య వైద్యము చేయరాదని ఆనాటి శ్రీసభ నియమము. ఆమె కొరకు రోము నుండి ప్రత్యేకానుమతి తేవలసివచ్చినది. 1936లో ఆ నిషేధమే తొలగినది. తొలగించిన పోపు ఎవరు? పదునొకండవ పీయూసు. ఆయనను గూర్చి మరియొక సంగతి. పోపు కాకపూర్వము ఆయన ఇటలీ దేశపు పర్వతారోహకులలో పేరుపొందినవాడు. 1889లో మోంతె రోసా శిఖరమును దుర్గమమైన తూర్పు ముఖము నుండి ఎక్కినవాడు. పోపైన తరువాత 1923లో పునీత బెర్నార్డును పర్వతారోహకుల పాలక పునీతునిగా ప్రకటించినవాడు. ఆయన పాలనలోనే 1928లో మన నెల్లూరు మేత్రాసనము ఏర్పడినది. కొండలెక్కిన పోపుగారి కాలమున పుట్టిన మేత్రాసనమునందు, కొండలెక్కుట మఠకన్యకు అగౌరవమని పలుకుట ఎంతటి విడ్డూరము! పోపుకు తగిన పని పంతులమ్మకు తగదా? లేక పురుషునికి తగినది స్త్రీకి తగదని మీ అభిప్రాయమా? అదియే అయినచో తీర్మానములో స్పష్టముగా వ్రాసి సంతకములు చేయుడు, చదివి తెలిసికొందుము.

మూడవ సమాధానము ర్యాంకులను గూర్చినది. నడకకు పోయిన శనివారములు ఫౌండేషన్ క్లాసులకు కావలెనట. దీనిపై ఎక్కువ వ్రాయను. సంగము మండలము గాంధీజనసంగము గ్రామమున పుట్టిన మల్లి మస్తాన్ బాబు మన జిల్లా బిడ్డ. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖరగ్‌పూరు ఐఐటీలోను కలకత్తా ఐఐఎంలోను చదువులు ముగించి, 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కినాడు. 2015లో ఆండీసు పర్వతములలో ప్రాణము విడిచి, సొంత ఊరి మట్టిలోనికి తిరిగివచ్చినాడు. నడక చదువును చెరుపునని చెప్పుటకు ఆ ఊరి పొలిమేరలో నిలబడి మీకు నోరు వచ్చునా? ఇక బాలికల మాట. నిజామాబాదు ప్రాంతపు పేద గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచు, భువనగిరి రాతికొండపై తర్ఫీదు పొంది, పదునాలుగేండ్లు నిండకముందే 2014 మే 25న ఎవరెస్టు నెక్కినది. ఫీజు లేని సర్కారు బడి తన పిల్లను ఎవరెస్టు మీదికి పంపినది. వేలకు వేలు ఫీజు తీసికొను మీ బడి తన పిల్లను ఉదయగిరి కోటకు పంపలేదా? కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టిన ఆ దుర్గము మెట్లపై, ఏ శత్రువును లేని ఈ దినమున, ఒక తొమ్మిదవ తరగతి పిల్ల సీసాలో నీళ్ళతో ఎక్కరాదా?

మద్రాసు దాపున వినోదోద్యానమునందు నీటిజారుడు బల్లలున్నవట, బాగుగ నుండునట. పిల్లలు అచ్చటికి పోవుటను నేను కాదనను. సంతోషమునకు నేను శత్రువును కాను. కాని దానికి తలకు ఇంతయని వసూలు చేసిన సొమ్ము కట్టలేక ఇంటనే నిలిచిపోయిన పిల్లలెవరో మీ రిజిస్టరులో చూచితిరా? నడకకు ఖర్చు బస్సు చార్జీయు పెరుగన్నపు డబ్బాయు మాత్రమే. ఆ పాలెపు పిల్లలును డాక్టరుగారి పిల్లలును ఒకే డబ్బాలో చేయిపెట్టి తినుట నేను చూచితిని. విహారయాత్ర నాడు ఆ పాలెపు పిల్లలు సెలవు పెట్టిరి. సేవాభావము అని మీ గేటు మీద వ్రాసియున్న అక్షరములకు ఆనాడు అర్థమేమి?

పోషకులైన సోదరులకును సోదరీమణులకును ఒక మాట. యాజమాన్యమున కెదురు చెప్పినచో పిల్లకు మార్కులు తగ్గునని మీలో కొందరి బెదురు. మీ పిల్ల ఆరవ తరగతి నడకలో కాలువ లాకు నొద్ద తాను గీసిన బొమ్మను ఇప్పటికిని బీరువాలో దాచుకొనియున్నదా లేదా, అడిగి చూడుడు. అటుపిమ్మట కమిటీలో చేయి ఎట్లెత్తవలెనో మీకే తెలియును. మౌనముగా నుండుట మీ హక్కే. కాని మీ మౌనమును సమ్మతిగా మినిట్సు పుస్తకమున వ్రాసికొన్నారని ఎరుగుడు.

మేత్రాసన విద్యావిభాగము నేలు పెద్దలకును విన్నపము. ఇది ఒక బడి అంతరంగిక వ్యవహారమని తోసివేయకుడు. సిస్టరుగారి వ్రతము ఆమె నోటిని కట్టినది. మీ నోటిని ఎవరును కట్టలేదు. మఠకన్యల పెద్దలను, ప్రొవిన్షియలమ్మగారిని పిలిచి, బాలికల విద్యకై పుట్టిన సభలలో బాలికలతో నడచుట ఎప్పటినుండి నేరమైనదో అడుగుడు. వారి సమాధానమును మాకు గూడ వినిపింపుడు.

నేను కోరునది కొద్ది. సిస్టరుగారిని రసీదుల గది నుండి తొమ్మిదవ తరగతి గదికి తిరిగి పంపవలెను. వేసవి తీర్మానమును రద్దుచేసి, దాని స్థానమున నడకలకు నియమావళి నొకదానిని, ఆమెను గూడ కూర్చుండబెట్టుకొని, వ్రాయవలెను. ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసి, సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాత మొదటి శనివారము మైపాడు నుండి పెన్న ముఖము వరకు నడకకును, ఫిబ్రవరిలో ఉదయగిరికిని తేదీలు నిర్ణయించి నోటీసు బోర్డుపై పెట్టవలెను. వెంట నడచుటకు పెద్దలు చాలరందురేమో. నా పేరు మొదట వ్రాసికొనుడు. మోకాళ్ళు నొప్పులే గాని, ఈల ఊదుటకును మజ్జిగ మోయుటకును ఇంకను పనికివత్తును.

ఇట్లు,
మీ బడిలో చదువుచున్న ఒక బాలిక తాత